విహారమూ, నివాసమూ

ప్రకృతి సౌందర్యం మీద ఎవరికీ పట్టా లేదనే మాట మన సాహిత్యంలో తరచు వింటుంటాము. వెన్నెలకు శిస్తు లేదు, జలపాతానికి జమీందారు లేడు. కనుక సౌందర్యానుభూతి దగ్గర వర్గాల ప్రసక్తి తేవటం అరసికత్వమని వాదించేవారు నేటికీ ఉన్నారు. నగరంలో కూర్చున్నవారికి ఈ వాదం నిజంలాగే కనిపిస్తుంది. ఒక చిన్న కొండ ఊళ్ళో నిలబడి చూసినపుడు ఇది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఉట్నూరులో ఉపాధ్యాయుడిగా ఉంటున్నాను. ఆదిలాబాదు కొండల నడుమ ఒక సంత, ఒక బస్టాండు, ఒక పాత గోండుల కోట, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్న ఊరు ఇది. చుట్టూ గోండుల, కొలాముల, పర్ధానుల, తోటీల, నాయకపోడుల గూడేలు, లంబాడీల తండాలు. నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం, బోథ్ వైపు పొచ్చెర, జన్నారం వైపు కవ్వాల అడవి. వానాకాలం రాగానే హైదరాబాదు నుంచి, కరీంనగర్ నుంచి, మహారాష్ట్ర నుంచి కార్లు వరుస కడతాయి. వచ్చినవారిలో తెలిసినవారు మా ఇంట చాయ్ తాగి ఒకే మాట అంటారు: "మీరు అదృష్టవంతులు సార్, రోజూ ఈ కొండల్ని చూసుకుంటూ బతుకుతున్నారు."

ఈ 'అదృష్టం' అనే మాట గురించి ఆలోచించవలసి ఉన్నది. నెలజీతం గలవాడికి ఈ కొండ దృశ్యం. వాన ఆలస్యమైతే అతని జీతం ఆలస్యం కాదు. అదే కొండవాలులో జొన్న, పత్తి వేసినవాడికి అది దృశ్యం కాదు. పని, అప్పు, సరిహద్దు తగాదా, అటవీశాఖ కేసు. ఒకే కొండ ఇద్దరికి రెండు విధాలుగా కనిపించటానికి కారణం కంటిలో లేదు, బతుకుతెరువులో ఉన్నది.

అయితే ఇక్కడ మన శిబిరంలోనే కొందరు చేసే తేలిక తీర్మానం ఒకటున్నది. విహారమంటే తిన్నదరగనివాళ్ళ వ్యవహారమనీ, ప్రజల కష్టాల నడుమ జలపాతాన్ని చూసి మురవటం నేరమనీ వారంటారు. దీన్ని నేను ఒప్పుకోలేను. విశ్రాంతి యజమాని దయ కాదు, కార్మికుడు గెలుచుకున్న హక్కు. 1886లో చికాగోలో నెత్తురు పారింది ఎనిమిది గంటల పని దినం కోసమే. మన దేశంలో వారానికి 48 గంటల పని, ఒక సెలవు దినం 1948 ఫ్యాక్టరీల చట్టంలో చోటు చేసుకున్నవంటే వాటి వెనుక ఎన్ని సమ్మెలున్నాయో చెప్పనక్కరలేదు. బెల్లంపల్లి, మందమర్రి బొగ్గు గనుల్లో షిఫ్టు చేసేవాడు ఆదివారం నాడు భార్యాపిల్లలతో కుంటాలకు వస్తే, భూమి కింద వారమంతా గడిపిన మనిషికి ఆకాశాన్నీ నీటినీ చూడటానికి హక్కు లేదని ఏ నోటితో అంటాము?

ఈ హక్కు కోసం పోరాటం కూడా జరిగింది. ఇంగ్లండులో మాంచెస్టరు సమీపాన కిండర్ స్కౌట్ అనే కొండనేలను ధనికులు పక్షులవేట కోసం తమ కింద పెట్టుకున్నారు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువమంది శ్రామిక యువకులు, కాపలాదార్లను ఎదిరించి ఆ కొండ ఎక్కారు. వారి నాయకుడు బెన్నీ రాత్‌మన్ ఇరవై ఏళ్ళ కమ్యూనిస్టు. అయిదుగురు జైలు పాలయ్యారు. 1949లో అక్కడ జాతీయవనాల చట్టం రావటానికి దోహదం చేసిన ఘట్టాల్లో అదొకటి. నూలుమిల్లుల పొగలో పెరిగినవారు 'మాకూ కొండ కావాలి' అనటంలో ఏ విలాసమూ లేదు.

కాని ఆ కథను తెచ్చి ఆదిలాబాదుకు అతికించబోతే అతకదు. అక్కడ కంచె, బయటివాణ్ణి లోపలికి రానివ్వలేదు. ఇక్కడ కంచె, లోపలివాణ్ణి బయటికి నెట్టింది. నిజాం ప్రభుత్వం అడవుల్ని రిజర్వు చేసి, తరతరాలుగా సాగు చేసుకుంటున్న గోండు, కొలాం కుటుంబాల్ని ఆక్రమణదార్లని పేరుపెట్టి వెళ్ళగొట్టింది. దాని ఫలితమే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణత్యాగం. కవ్వాల 1965లో అభయారణ్యమైంది. 2012లో పులుల రక్షితప్రాంతమైంది. 2024 నాటికి దాని లోపలి రాంపూర్, మైసంపేట గ్రామాలు కడెం వైపు తరలిపోయాయి. 2025 మే నెలలో కుమ్రం భీం జిల్లా అడవుల్ని పులుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ ప్రభుత్వం 49వ నెంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఆదివాసులు రోడ్డెక్కిన తరువాత జులైలో దాన్ని నిలిపివేసింది.

పులికి అలజడి లేని అడవి కావాలన్నది శాస్త్రం చెప్పే మాట. దాన్ని కాదనవలసిన పని లేదు. 2006 అటవీహక్కుల చట్టం కూడా దాన్ని కాదనలేదు. తరలించాలంటే గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకోవాలని మాత్రమే అన్నది. నా ప్రశ్న వేరు. మేకలు తోలుకుపోయే మనిషి అడుగుచప్పుడు పులికి హాని అయినచోట, టిక్కెట్టు కొన్నవారి సఫారీ జీపు చప్పుడు హాని కాదా? మనిషి ఉనికే సమస్య అయితే మనుషులందరూ సమస్య కావాలి. డబ్బిచ్చి రెండు గంటలు తిరిగేవాడు ప్రకృతిప్రేమికుడూ, పుట్టి అక్కడే పెరిగినవాడు ప్రకృతిశత్రువూ అయ్యారంటే, అడవి సరుకు అయిందని అర్థం.

సౌందర్యం మాటకు తిరిగి వస్తాను. ఒకసారి తొమ్మిదవ తరగతి పిల్లలను 'మా ఊరి అందాలు' అన్న విషయం మీద రాయమన్నాను. జలపాతం గురించి రాసినవారు ఒకరిద్దరే. ఒక పిల్లవాడు ఇప్పచెట్టు గురించి రాశాడు; తెల్లవారకముందే రాలిన పువ్వు ఏరటానికి అమ్మతో చీకట్లో నడిచి వెళ్ళటం రాశాడు. ఒక గోండు పిల్ల ఇలా రాసింది: "మా వాగు ఎండాకాలంలో అందంగా ఉంటుంది. అప్పుడు దాటి రావచ్చు."

ఈ వాక్యాన్ని సౌందర్యదృష్టి లేని వాక్యమని కొట్టివేయగలమా? కడెం వాగు నిండి కుంటాల దగ్గర సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే నెలలే మా గూడేల్లో జ్వరాల నెలలు. అవే వానలకు వాగులు పొంగి దారులు తెగుతాయి. గర్భిణిని మంచం మీదనో ఎడ్లబండి మీదనో మోసుకు రావలసిన ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఒకరికి దృశ్యకాలం మరొకరికి గండకాలం. ఆ పిల్ల అందాన్ని అవసరంనుంచి విడదీయలేదు, అంతే. విడదీయగలగటం రసికత్వం వల్ల వచ్చే శక్తి కాదు. అవసరం తీరినందువల్ల వచ్చే సౌకర్యం.

కుంటాలకు ఆ పేరు శకుంతల వల్ల వచ్చిందని స్థలపురాణం. చరిత్రగా దాన్ని నమ్మనక్కరలేదు గాని, పోలికగా అది బాగా నప్పుతుంది. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు అడవికి వేటకు వస్తాడు. 'ఇది ఆశ్రమమృగం, చంపరాదు' అని తాపసులు అడ్డుపడతారు. అతడు అక్కడ ఆనందం పొంది నగరానికి వెళ్ళి, మరిచిపోతాడు. కవి ఆ మరుపుకు శాపాన్ని కారణంగా చూపి రాజును కాపాడాడు. కాని ఆ రాజుకు జ్ఞాపకం ఎలా తిరిగి వచ్చింది? చేప కడుపులో ఉంగరం దొరికిన ఒక జాలరివల్ల. ఆ జాలరిని రాజభటులు దొంగ అని చేతులు కట్టి కొడతారు, అతని వృత్తిని హేళన చేస్తారు. శృంగారం దగ్గరే ఆగిపోయే మన సంప్రదాయ విమర్శకులు ఈ ఘట్టం దగ్గర ఎక్కువసేపు నిలవరు. వనానికి పోయి ఆనందించి మరిచిపోయే రాజులకు జ్ఞాపకం చేసే పని ఎప్పుడూ చేతులు కట్టబడినవాడిమీదే పడుతుంది. గుడిహత్నూరు నుంచి ఉట్నూరు వచ్చే దారిలో ఇంద్రవెల్లి స్తూపం ఉన్నది. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన ఆదివాసులమీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. చచ్చినవారు 13 మంది అన్నది ప్రభుత్వం. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కులవారు అన్నారు. ఆ దారిన పోయే విహారవాహనాల్లో ఆగేవి తక్కువ.

మరి నివాసం సంగతి? కొండగాలి కోసం ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడదామనే పట్నవాసులు కూడా నన్ను వాకబు చేస్తుంటారు. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ నీలగిరుల్లో తోడాల మేతభూముల నడుమ బంగళా కట్టాడు. తరువాత ఊటీ ఎవరిదయిందో అందరికీ తెలుసు. మా దగ్గర అలా జరగటానికి 1959 నాటి భూబదిలీ నిబంధన, దాని 1970 సవరణ అడ్డు. '1/70' అని పసిపిల్లలకు కూడా తెలిసిన చట్టమది. దానికి ఎన్ని తూట్లు పొడిచినా, ఉన్న కొద్దిపాటి రక్షణ అదే. కొండను ప్రేమిస్తున్నాను గనక ఆ చట్టం సడలించాలనేవాడు ప్రేమిస్తున్నది కొండను కాదు, స్థలాన్ని.

అయితే ఒక ఊరివాళ్ళు మరొక ఊరికి ఆనందం కోసం పోవటానికి ఇంతకంటె మంచి పద్ధతి లేదా? ఉన్నది, మా చుట్టూ గూడేల్లోనే ఉన్నది. దీపావళి ముందు రోజుల్లో గోండుల దండారి బృందాలు గుస్సాడీలతో కలిసి ఊరినుంచి ఊరికి పోతాయి. వచ్చినవారికి ఆ ఊరు అన్నం పెడుతుంది, వారితో ఆడుతుంది. ఇవాళ అతిథి అయిన ఊరు మరొకనాడు ఆతిథ్యమివ్వాలి. ఆ రాకపోకల్లో పెళ్ళి సంబంధాలు కుదురుతాయి. దాన్ని ఆదర్శీకరించి, ఆదివాసి సమాజంలో కష్టాలే లేవనటం నా ఉద్దేశం కాదు. అక్కడ చూడటానికి వచ్చినవాడు బాకీపడి వెళతాడు, ఆ బాకీ తీర్చుకోవటానికి మార్గం కూడా ఉన్నదనేదే నా మాట. అదే గుస్సాడీ నెమలీకల తలపాగాను పట్నంలో సర్కారు వేదిక ఎక్కించినపుడు చప్పట్లు మిగులుతాయి, బాకీ మిగలదు.

కాబట్టి విహారం మానమని నేను చెప్పను. విహారాన్ని బాకీగా అంగీకరించమంటాను. గనికార్మికుడి ఆదివారమూ, కొలాం రైతు పోడుభూమీ పరస్పరం శత్రువులు కావు. ఒకరి తీరికనూ మరొకరి నేలనూ టిక్కెట్టు పెట్టి అమ్మే వ్యవస్థే ఇద్దరికీ శత్రువు. కొండను చూసి వెళ్ళే విద్యార్థి, ఉపాధ్యాయుడు, కార్మికుడు ఆ కొండమీద గ్రామసభ చెప్పే మాట తమ ఊళ్ళో, తమ సంఘంలో నిలబడి చెప్పాలి. తరలింపు ఉత్తర్వు వచ్చిననాడు అది ఆదివాసుల సమస్య మాత్రమే అనుకోకూడదు. వాగు మీద వంతెన కోసం అడిగేచోట ఆ వాగు నీటిని చూసి మురిసినవారి గొంతు కూడా వినిపించాలి.

ఆ వాగు వానాకాలంలో కూడా అందంగా ఉన్నదని ఆ పిల్ల రాయగలిగేదాకా, ప్రకృతి సౌందర్యం అందరిదీ అనే మాట మనం గెలుచుకోవలసిన హక్కే గాని, గెలిచిన సత్యం కాదు.