ముందు డాబా ఎక్కి చూడండి

ఎండాకాలం రాత్రి పదింటికి పై అంతస్తులో ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతుంది. తప్పు ఫ్యానుది కాదు, శ్లాబుది. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు రాత్రంతా గదిలోకి కక్కుతూ ఉంటుంది.

ఇల్లు బాగుచేయించాలనుకోగానే మన చూపు కొత్త టైల్స్ మీదికి, ఫాల్స్ సీలింగ్ మీదికి పోతుంది. ముందు డాబా ఎక్కి చూడాలి. శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్చి, సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్లరంగో రెండు పూతలు వేస్తే ఎండలో చాలా భాగం వచ్చిన దారినే వెళ్లిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి కప్పులు ఉండాలన్నది లక్ష్యం.

ఆ తర్వాత పడమటి గోడ. అక్కడి కిటికీకి బయట వట్టివేళ్ల తడిక ఉంటే ఎండ అద్దం దాకా రాదు. లోపల కట్టిన కర్టెన్ ఆ పని చేయలేదు. అప్పటికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. ఇక ఫ్యాను సంగతి. పాతది 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ మోటారున్న కొత్తరకం ఫ్యాను సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఏసీ కావాలనిపిస్తే పెట్టుకోండి, చిన్నది సరిపోతుంది. సోలార్ పెట్టించుకున్నా పలకలు తక్కువే పడతాయి. కరెంటు తయారుచేసుకోవడం కన్నా దాని అవసరం తగ్గించుకోవడం చవక. డాబా పని శివరాత్రి వెళ్లగానే మొదలుపెట్టండి. రోళ్లు పగిలే రోహిణీ కార్తె దాకా ఆగకండి.