దౌత్యఫలము – కీర్తిభాగము

దేవరకొండ దుర్గమును జూచినవారు రేచర్ల పద్మనాయక ప్రభువులను స్మరింతురు. గుట్టపైకి రాళ్లు మోసినవారిని స్మరింపరు. పరదేశ వ్యవహారములందును మన తీర్పు ఇట్లే యున్నది. జయమైనచో నాయకుని ప్రతిభ. అపజయమైనచో అధికారుల లోపము. ఇది న్యాయమా?

1994 మార్చిలో జెనీవాయందలి మానవహక్కుల సంఘమున, కాశ్మీరమును గూర్చి పాకిస్థాను తెచ్చిన తీర్మానము వోటునకు రాకుండగనే ఉపసంహరింపబడెను. మన తెలంగాణమున బుట్టిన పి. వి. నరసింహారావుగారప్పుడు ప్రధానమంత్రి. ఆ విజయము వారిదని మనము గర్వింతుము. కాని అచ్చట భారత ప్రతినిధివర్గమును నడిపినవారు ప్రతిపక్ష నాయకులైన వాజపేయిగారు. ఇరాను, చైనాలు పాకిస్థానునకు నచ్చజెప్పకున్నచో ఫలము వేరై యుండవచ్చును.

అట్లయిన ప్రధానికి మిగిలినదేమి? ప్రత్యర్థిని నమ్మి పంపుట. ఓడినచో నింద తనకు వచ్చునని, గెలిచినచో యశస్సు ఇతరునకు బోవచ్చునని యెరిగియు బంపుట. ఆ నిర్ణయమునకు గల కీర్తి వారికే చెల్లవలెను. పరరాజ్యముల మనస్సు మాత్రము వారి సొత్తు కాదు.

కావున పాఠకులారా, నాయకుడు చేసినదేది, అతని కాలమున జరిగినదేది యని విడదీసి చూడుడు. వానను నమ్మిన మెట్టనేలవారమగు మనకీ వివేకము క్రొత్తది గాదు. పంట యింటికి వచ్చినపుడు విత్తినవానిని మెచ్చుదుము. వానను మాత్రము వాని లెక్కలో వ్రాయము.