పూటకూళ్లమ్మ పలక

డెన్మార్క్‌కూ స్వీడన్‌కూ నడుమ ఓరెసుండ్ అనే జలసంధి ఉంది. హెల్సింగోర్ ఊరి దగ్గర దాని వెడల్పు నాలుగు కిలోమీటర్లే. బాల్టిక్ సముద్రంలోకి వెళ్లే ఓడల దగ్గర అక్కడ డెన్మార్క్ రాజులు 1429 నుంచి 1857 దాకా సుంకం వసూలు చేశారు. ఒడ్డున క్రోన్‌బోర్ కోట ఉంది, కోట మీద ఫిరంగులున్నాయి, కాబట్టి బేరాలు పెద్దగా సాగేవి కావు. సరుకు విలువ ఎంతో సరంగే చెప్పాలి. తగ్గించి చెప్పడా అని మీకు అనుమానం రావచ్చు, రాజుకూ వచ్చింది. అందుకే ఒక హక్కు అట్టే పెట్టుకున్నాడు: నువ్వు చెప్పిన ధరకే నీ సరుకు నేను కొనేసుకోవచ్చు. ఆ ఒక్క షరతుతో సరంగుల లెక్కలు దారికొచ్చాయి.

ఇంతవరకూ చరిత్ర. ఇక కథ.

ఆ ఊళ్లో గాలి కోసం కాచుకున్న సరంగులకు తిండీ పడకా చూసే పూటకూళ్లమ్మ ఒకామె ఉండేది. పనిలేని సరంగులకు నోరు ఊరుకోదు కదా. ఉప్పు మీద సుంకం పెరుగుతుందని ఒకడు, పెరగదని ఇంకొకడు రోజూ తగాదా పడుతుంటే విసుగెత్తి, గోడకు పలక తగిలించి చీటీలు పెట్టింది. వేసవి దాటేలోగా ఉప్పు సుంకం పెరిగితే చీటీ ఉన్నవాడికి వంద కాసులు. పెరగకపోతే ఆ చీటీతో చుట్ట ముట్టించుకోవచ్చు. ఎంతకు కొంటారో, ఎంతకు అమ్ముతారో వాళ్ల ఇష్టం. ఆనాటి ధర మాత్రం పలక మీద సుద్దతో రాసేది.

మొదట్లో పలక భలే పనిచేసింది. రాజుగారి ఖజానా ఖాళీ అయిందని విన్నవాడు కొనేవాడు, ధర నాలుగు కాసులు ఎక్కేది. డచ్చివాళ్లు గొణుగుతున్నారని తెలిసినవాడు అమ్మేవాడు, దిగేది. పదిమంది నోట పడ్డ పుకారు కన్నా పలక మీది అంకె నమ్మకంగా ఉండేది. పలక మీద ముప్ఫై ఉందంటే నూటికి ముప్ఫై పాళ్లు పెరుగుతుందని లెక్క. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు ఉప్పు ఎక్కించే ముందు ఆ పలక సంగతి కనుక్కునేదాకా వచ్చింది.

ఒక మంగళవారం ఇరవై దగ్గరున్న చీటీ పొద్దుగూకేసరికి ఎనభై అయింది. గురువారం సుంకం పెంచుతూ తాఖీదు వచ్చింది. "పలకకు ముందే తెలిసిపోయిందే!" అని సరంగులు ముచ్చటపడ్డారు. సుంకం కచేరీలో తాఖీదులకు నకళ్లు రాసే గుమాస్తా ఆ వారం కొత్త బూట్లు కొన్నాడని ఎవరూ గమనించలేదు. పూటకూళ్లమ్మ గమనించింది గానీ, చీటీకో కాసు ఆమెకూ ముడుతోంది.

మరుసటి ఏడు గుమాస్తాకు అసలు కిటుకు తట్టింది. తాఖీదు వచ్చేదాకా ఆగడమెందుకు? ముందు చీటీలు కొన్నాడు. ధర పెరిగింది. పై అధికారి దగ్గరకు వెళ్లి, "అయ్యా, రేవులో అందరూ సుంకం పెరుగుతుందనే అనుకుంటున్నారు, పలక చూడండి. పెంచినా ఎవరూ కాదనరు" అన్నాడు. అధికారి పలక చూశాడు, పెంచాడు. గాలి ఎటుందో చెప్పే జెండాను చేత్తో తిప్పి, గాలి మారిందనిపించాడన్నమాట.

మూడో ఏడు తాఖీదు వేరే తీరుగా వచ్చింది: "ఉప్పు సుంకం పెంచలేదు. దీపస్తంభాల రుసుము కొత్తగా కట్టవలెను." పూటకూళ్ల ఇంట్లో కుర్చీలు విరిగాయి. ఎక్కువే కట్టాం కదా అని ఒకళ్లు, ఉప్పు సుంకం అయితే పెరగలేదుగా అని ఇంకొకళ్లు. చీటీ మీద ఏముంటే అదే అంది పూటకూళ్లమ్మ. ఈసారి చీటీలు ముందే అమ్మేసుకున్నది ఎవరో వేరే చెప్పాలా?

ఎన్నడూ చీటీ కొనని ముసలి సరంగు ఒకడు రుసుము కట్టడానికి కచేరీకి వెళ్లి గుమాస్తాను అడిగాడు:

"గుమాస్తాగారూ, నా సరుకు ధర నేను చెబితే, ఆ ధరకు రాజుగారు కొనేసుకోవచ్చు. మరి తమరు రాసిన రుసుముకు తమరి దగ్గర నేనేం కొనుక్కోవచ్చు?"

గుమాస్తా రసీదు చేతికిచ్చి "తర్వాత ఎవరు?" అన్నాడు.

కొన్నాళ్లకు, 1645లో, డచ్చివాళ్ల యుద్ధనౌకలు వాళ్ల వర్తకపు ఓడలకు కాపుగా వచ్చి, కోట ముందు నుంచే పైసా కట్టకుండా దాటిపోయాయి. ఇది మళ్లీ చరిత్రే. దానికి మాత్రం పలక మీద చీటీ లేదు.

నీతి: రాబోయేదాన్ని పందెం సరిగ్గా చెప్పాలంటే, పందెం కాసేవాడి చేతిలో కలం ఉండకూడదు. కంచే చేను మేసిందన్న సామెత ఇక్కడ చాలదు. ఈ కంచెకు పంట పోతుందన్న పందెం కూడా ఉంది.

ఆ పలక ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. పాలీమార్కెట్, కల్షీ వంటి పందేల సంతల్లో గెలిచిన చీటీకి ఒక డాలర్, ధర సెంట్లలో. ఎన్నికల మీద ఇలాంటి సంతలు చాలాసార్లు సర్వేలకు దీటుగా చెప్పాయి. అక్కడ ఓటు వేసేవాళ్లు కోట్లమంది, ఏ ఒక్కడి చేతిలోనూ కలం లేదు. ఓడల మీద సర్కారు వేసే రుసుము అలాంటిది కాదు. చైనా ఓడల మీద అమెరికా 2025 అక్టోబర్ 14న రేవు రుసుములు మొదలుపెట్టింది, చైనా అదే రోజు బదులు వేసింది, నవంబర్ 10న రెండు దేశాలూ ఏడాదిపాటు ఆపేశాయి. మొత్తం 27 రోజులు. ఆ కాగితాలు బయటికి రాకముందు ఎన్ని బల్లల మీద తిరిగి ఉంటాయో ఊహించుకోండి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో గుమాస్తా.

మాటల మెలిక కూడా అలాగే ఉంది. 2025లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ సూటు వేసుకుంటాడా లేదా అని పాలీమార్కెట్‌లో పందేలు సాగాయి. ఆయన నల్ల కోటుతో కనిపించాక, అది సూటా కాదా అన్నది పెద్ద రగడైంది, చివరికి కాదన్నారు. బట్టల దగ్గరే ఇంత ఉంటే సుంకాల భాష సంగతేమిటి? అదే ఏడు ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ శాఖ తమ ప్రభుత్వ ఓడలు ఇక పనామా కాలువలో రుసుము లేకుండా వెళ్లొచ్చని ప్రకటించింది. అలాంటిదేమీ లేదని కాలువ సంస్థ చెప్పింది. అమెరికా చెప్పింది అబద్ధమని మర్నాడు పనామా అధ్యక్షుడు ములీనో అన్నాడు. ఆ రాత్రి చేతిలో చీటీ ఉన్నవాడు ఎవరి ప్రకటనను పట్టుకుని డబ్బడగాలి?

ఆ కాలువనే 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ ఈదుకుంటూ దాటాడు. మనిషిని ఓడ కింద జమకట్టి, బరువును బట్టి లెక్క వేసి 36 సెంట్లు తీసుకున్నారు. టన్నుకు ఎంతో ముందే అచ్చయి ఉంది. దాని మీద పందేనికి హెల్సింగోర్ గుమాస్తా కూడా దిగేవాడు కాదు.