వాడిన వస్తువును క్రొత్తదని అమ్మవచ్చునా?

భద్రాద్రి రాముని సేవింప వచ్చు యాత్రికులలో వర్తకులు గలరు, కర్షకులు గలరు, వేతనముపై జీవించు గృహస్థులు గలరు. సన్నిధిలో వీరందరును సమానులే. అంగడికి పోయినప్పుడు మాత్రము ఒకరు అమ్మువారు, ఒకరు కొనువారు. స్వామి యెదుట జోడించిన చేతులతోనే మనము అంగడిలో సొమ్ము పుచ్చుకొనుచున్నాము, ఇచ్చుచున్నాము. కావున క్రయవిక్రయములలోని నడవడి భక్తికి వెలుపలి విషయమని తలపరాదు. ఈ దృష్టితో నేటి అంగడిలో తఱచుగా వినవచ్చు ఒక ప్రశ్నను విచారింతము.

కాజీపేట-విజయవాడ రైలు మార్గముపై, ఖమ్మము జిల్లాలో, బోనకల్ అను మండల కేంద్రము కలదు. ఆ ప్రాంతమున మిర్చి, ప్రత్తి, వరి పండించు కుటుంబములు పెక్కు. అట్టి కుటుంబములలో ఒక రైతు నూహింతము. అతని కుమార్తెకు ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశము లభించినది. ఆమె చదువునకు ల్యాప్‌టాప్ కావలెను. మిర్చి అమ్మగా వచ్చిన ధనములో ఏబది వేల రూపాయలు విడదీసి, తండ్రియు కూతురును రైలెక్కి పట్టణమునకు పోయి, క్రొత్త ల్యాప్‌టాప్ కావలెనని ఒక అంగడిలో అడిగిరి. వర్తకుడు సీలు వేసిన పెట్టెను తెచ్చి యిచ్చెను. వారు క్రొత్తదాని వెలయే చెల్లించి యిల్లు చేరిరి. నాలుగు మాసములు గడచునప్పటికి బ్యాటరీ గంటసేపైనను నిలువదాయెను. కంపెనీవారి సర్వీసు సెంటరులో చూపగా, ఆ యంత్రపు వారంటీ ఏడాదికి పూర్వమే ఆరంభమై, అప్పటికే ముగిసినదని తెలిసెను. ఎవరో కొని, కొంతకాలము వాడి, తిరిగి యిచ్చివేసిన యంత్రమది. దానిని తుడిచి, వేఱొక పెట్టెలో నుంచి, మరల సీలు వేసి అమ్మినారు.

ఇది ఊహించి చెప్పిన దృష్టాంతము. అయినను ఇట్టి ఫిర్యాదులు మన దేశమునను విదేశములందును వినవచ్చుచునే యున్నవి. ఆ రైతు తిరిగి పోయి నిలదీసినచో వర్తకుడు సాధారణముగా మూడు సమాధానములు చెప్పును. యంత్రము నడచుచున్నది గదా, నీకు కలిగిన నష్టమేమి? అనునది మొదటిది. నేను నోరు తెఱచి అబద్ధ మాడితినా? అనునది రెండవది. నాకు పైవారు పంపినదానిని నేను అమ్మితిని, అమ్మకున్న ఆ నష్టము నేను భరింపవలెనా? అనునది మూడవది. ఈ మూడింటిని త్రోసిపుచ్చుట సులభము కాదు. ఒక్కొక్కదానిని ధర్మదృష్టితో పరిశీలింపవలెను.

ముందుగా ఒక విషయము స్పష్టము చేసికొందము. వాడిన వస్తువు దోషభూయిష్టమైనది కాదు. కొన్నవాడు మనసు మార్చుకొని మఱునాడే తిరిగి యిచ్చినది యుండును. అంగడిలో ప్రదర్శనకై నెలల తరబడి వెలిగించి యుంచినది యుండును. కార్యాలయములవారు మూడు నాలుగేండ్లు వాడి మార్చివేసినది యుండును. మరమ్మతు చేసి బాగుపఱచినది యుండును. ఇట్టివానిని ఇవి యిట్టివని చెప్పి, తగిన వెలకు అమ్మువాడు సమాజమునకు మేలే చేయుచున్నాడు. సికింద్రాబాదు పార్కులేను ప్రాంతమున సెకండ్ హ్యాండు కంప్యూటర్లను బహిరంగముగా ఆ పేరుతోనే అమ్ము అంగళ్లు కలవు. చాలినంత ధనము లేని విద్యార్థులకు అవి ఆధారము. వస్తువు పాతదగుట దోషము గాదు. పాతదానికి క్రొత్తదను పేరు పెట్టుటయే దోషము.

ఇచట వైష్ణవ పాఠకులకు ఒక సందేహము తోపవచ్చును. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి తాను ధరించి విడిచిన పూమాలలను వటపత్రశాయికి పంపలేదా? స్వామి వానిని ప్రీతితో స్వీకరింపలేదా? మఱి వాడినదానిని ఇచ్చుట తప్పెట్లగును? ఈ సందేహమునకు సమాధానము ఆ కథలోనే యున్నది. మాలలో తలవెంట్రుక కనబడగానే విష్ణుచిత్తులవారు నిర్ఘాంతపోయిరి. ఎవరును చూడలేదు గదా, మాల చెక్కుచెదరలేదు గదా అని వారు దానిని సమర్పింపలేదు. ప్రక్కన బెట్టి, వేఱొక మాలను కట్టి తెచ్చిరి. స్వామి తానుగా, గోద ముడిచిన మాలయే తనకు ప్రియమని తెలియజేసిన పిదపనే అది కైంకర్యమైనది. పుచ్చుకొనువానికి సర్వమును తెలియును. తెలిసియే కోరెను. అంతే కాదు, ఆ తల్లికి ఆముక్తమాల్యద యను పేరు వచ్చినది. ధరించి విడిచిన మాల నిచ్చినది అని దాని యర్థము. శ్రీకృష్ణదేవరాయలు తన ప్రబంధమునకు ఆ పేరే పెట్టినాడు. మాల ముడిచినదను సంగతి దాగలేదు. అది పేరులోనే వెల్లడియై, కీర్తియై నిలిచినది. వాడిన సంగతి పుచ్చుకొనువానికి తెలిసి, అతడు ఇష్టపడినచో దోషము లేదు. తెలియనీయక యిచ్చినచో అది మోసము. భేదమంతయు ఇచటనే యున్నది.

ఇక వర్తకుని మొదటి సమాధానము. యంత్రము నడచుచున్నంత మాత్రమున నష్టము లేదనవచ్చునా? ల్యాప్‌టాపులలోని లిథియం బ్యాటరీ ప్రతిసారి నిండి ఖాళీయగుచు కొంత శక్తిని కోల్పోవును. వాడక యుంచినను కాలక్రమమున క్షీణించును. వారంటీలో గడచిపోయిన మాసములు మరల రావు. ఈ నష్టములు లెక్కకు వచ్చునవి. ఒకవేళ ఇవేవియు లేవనుకొందము. బ్యాటరీయు బాగుగనే యున్నది, వారంటీయు మిగిలియున్నది. అప్పుడైనను తప్పు లేదా? దీనిని తేల్చుటకు ఒక్క ప్రశ్న చాలును. సంగతి ముందుగా చెప్పియుండినచో, ఆ రైతు అదే వెలకు కొనియుండునా? కొనడని వర్తకునకు తెలియును. తెలియును గనుకనే దాచెను. ఆ రైతు వలదని చెప్పుటకు, లేదా వెల తగ్గింపుమని యడుగుటకు గల స్వాతంత్ర్యము అతనికి తెలియకయే హరింపబడినది. యంత్రము పదియేండ్లు నడచినను ఆ హరణము హరణమే.

రెండవ సమాధానము మఱింత సూక్ష్మమైనది. నేను అబద్ధ మాడలేదు, ఊరకుంటిని, అంతే యని అతడనును. అబద్ధము నాలుకతోనే ఆడవలెనను నియమము లేదు. సీలు మాటలాడును. విప్పని పెట్టె మాటలాడును. క్రొత్తదాని వెల వ్రాసిన బిల్లు మాటలాడును. ఇవన్నియు ఈ వస్తువును నీకు ముందు ఎవరును వాడలేదని పలుకుచున్నవి. వాడినదానిని తుడిచి మరల సీలు వేసిన చేయి, నోటికంటె గట్టిగా అబద్ధ మాడినట్లే. ఈ కపటము నేటిది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో వర్తకుల మోసములనుండి ప్రజలను కాపాడు ప్రకరణము కలదు. మేలుజాతిది కానిదానిని మేలుజాతిదని అమ్మినవానికి వస్తువు వెలకు ఎనిమిది రెట్లు దండుగ విధింపవలెనని అందు చెప్పబడినది. పెట్టె మార్చి అమ్ముటయు అచట వేఱుగా పేర్కొనబడిన నేరమే. కంప్యూటరు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు ముందే పెట్టె మార్చు విద్య పుట్టినదన్నమాట.

పాశ్చాత్య దేశములందును ఈ వివాదము న్యాయస్థానముల కెక్కినది. అమెరికాలో 1995వ సంవత్సరమున కంపాక్ అను కంప్యూటరు కంపెనీ, ప్యాకార్డ్ బెల్ అను మఱియొక కంపెనీపై దావా వేసినది. కొనుగోలుదారులు తిరిగి యిచ్చిన యంత్రములలోని భాగములను క్రొత్త యంత్రములలో నమర్చి, ఆ సంగతి చెప్పక అమ్ముచున్నారనునది అందలి యారోపణ. ఈ పద్ధతి ఈ వ్యాపారములో అందరును పాటించునదే యని ప్రతివాదులు వాదించిరి. అందరును చేయుచున్నారనునది అధర్మమునకు అన్ని దేశములందును దొరకు తొడుగు.

మూడవ సమాధానమునకు మనము కొంత సానుభూతి చూపవలెను. చిన్న వర్తకుడు నిజముగనే చిక్కులో పడవచ్చును. పైవారు పంపిన సరుకు తిరిగి తీసికొనకున్న నష్టమతనిదే. అయినను, ఆ నష్టమును ఎవరిపై మోపుచున్నాడో ఆలోచింపవలెను. వస్తువు చరిత్ర పంపినవానికి తెలియును. అమ్మువాడు తెలిసికొనగలడు. కొనువానికి మాత్రము తెలిసికొను మార్గము స్వల్పము. ఆ గొలుసులో అందరికంటె తక్కువ తెలిసినవానిపై అందరికంటె ఎక్కువ భారము మోపుట ఏ త్రాసునకు సమ్మతము?

త్రాసు అనగానే మహాభారత శాంతిపర్వములోని తులాధారుడు స్మరణకు వచ్చును. జాజలి యను మహాతపస్వి కదలక నిలిచి తపస్సు చేయుచుండగా అతని జడలలో పక్షులు గూడు కట్టి పిల్లలను పొదిగినవి. తనంతటి ధర్మపరుడు లేడని అతడు గర్వించెను. వారణాసిలోని తులాధారునకు నీవు సాటి రావని అశరీరవాణి పలికెను. జాజలి వెదకికొని పోగా, ఆ తులాధారుడు అంగడిలో సరుకు లమ్ముకొనుచు కనబడెను. అతడు చెప్పిన తన ధర్మమేమి? కపటము లేక అమ్ముట, సర్వభూతములయెడ త్రాసును సమముగా పట్టుట. అరణ్యములో తపస్సు చేసినవానికి అంగడిలో కూర్చున్నవాడు గురువైనాడు. వర్తకవృత్తికి ఇంతకు మించిన గౌరవము ఏ శాస్త్రములోనైన కలదా? ఆ గౌరవమును ఒక్క సీలు ముక్కకై పోగొట్టుకొనుట ఎంతటి లోభము!

మన దేశపు చట్టమును ఈ విషయమున మౌనముగా లేదు. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టమునకు 1984లో చేసిన సవరణలోనే, వాడిన, మరమ్మతు చేసిన, పాత సరుకును క్రొత్తదని చూపుట అక్రమ వ్యాపార పద్ధతిగా పరిగణింపబడినది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దాని స్థానమున వచ్చి 2020 జూలై నుండి అమలులోనున్న 2019 చట్టమును ఆ నిషేధమును నిలిపినది. కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. కావున బోనకల్ రైతు హైదరాబాదులో కొన్నను ఖమ్మములోనే న్యాయము కోరవచ్చును. రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన వెల ఐదు లక్షలకు మించనిచో రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

న్యాయము కోరువానికి ఆధారము కావలెను. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్నగారి చరిత్ర ఈ సీమలో తెలియనివా రెవరు? తానీషాకు చెల్లవలసిన ఆరు లక్షల మాడలను రామలక్ష్మణులే తెచ్చి చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. సాక్షాత్తు శ్రీరామచంద్రుడే రసీదు లేక సొమ్ము చెల్లింపలేదు. మనము బిల్లు అడుగుటకు సంకోచింప నేల? బిల్లుపై యంత్రపు సీరియల్ నంబరు వ్రాయించుకొనవలెను. ఆ నంబరు పెట్టెపైనను యంత్రముపైనను ఒక్కటిగ నున్నదో లేదో చూడవలెను. తయారు చేసినవారి వెబ్‌సైటులో ఆ నంబరు నిచ్చి వారంటీ ఎప్పుడు ఆరంభమైనదో తెలిసికొనవలెను. మొదటిసారి వెలిగించినప్పుడు భాష, పేరు మున్నగునవి యడుగక తిన్నగా తెఱచుకొన్నచో సందేహింపవలెను. బ్యాటరీ ఎన్నిమార్లు చార్జి యైనదియు చాలా యంత్రములలోనే నమోదై యుండును. ఇంటిలోని చదువుకొన్న పిల్లలు దీనిని క్షణములో చూపగలరు. ఈ పరీక్షలన్నియు అంగడిలోనే, సొమ్ము చెల్లించుటకు ముందే చేయుట మేలు.

ఇంతవరకు వర్తకుని విచారించితిమి. న్యాయముగా మనలను గూడ విచారించుకొనవలెను. ఖమ్మము మార్కెట్టులో క్రొత్త మిర్చికి ఒక ధర, శీతల గిడ్డంగిలో నిలువయుంచిన ఏసీ మిర్చికి ఒక ధర. రెండును వేర్వేరుగా, బహిరంగముగా అమ్ముడుపోవుచున్నవి. ఆ పద్ధతి సత్యసమ్మతము. నిరుటి కాయను క్రొత్త కాయలో కలిపి బస్తా కట్టినవాడు, ల్యాప్‌టాప్ అమ్మిన వర్తకుని నిందింపగలడా? పెండ్లికి కావలసిన వస్తువును తెప్పించి, వేడుక ముగిసిన పిదప వాడలేదని చెప్పి త్రిప్పి పంపు గృహస్థులును లేకపోలేదు. అట్లు పంపిన యంత్రమే మరల సీలు వేసికొని మఱొక యింటికి చేరవచ్చును. మోసము అమ్మువాని యొద్దనే పుట్టవలెనను నియమము లేదు. కొన్ని వేళల అది మన యింటి గడప నుండియే బయలుదేరును.

పాతదని చెప్పి అమ్మినచో కొంత లాభము తగ్గునేమో. ఆ తగ్గినది సత్యమునకు మనము చెల్లించు వెల. సన్నిధిలో హుండీ యందు వేయు కానుక కంటె అది తక్కువది కాదు. పెట్టెపై నున్న మాటయు పెట్టెలో నున్న వస్తువును ఒక్కటిగా నుండు అంగళ్లు మన సీమలో వర్ధిల్లుగాక! మన చేతి త్రాసులు సమముగా నిలుచుగాక!