చేతితో ఎరిగిన సత్యము

ఒక సంగతిని చెవితో విన్నవాడును, దానిని చేతితో ముట్టి చూచినవాడును సమానముగా ఎరిగినవారేనా? వారిరువురి బాధ్యత ఒక్కటేనా? ఈ ప్రశ్నను మనము కొంత ఆలోచింతము.

అమెరికా దేశమందు 1971లో ఆరంభమైన సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్ అను సంస్థ విద్యార్థులను తెరచాప ఓడలమీద సముద్రమునకు తీసికొనిపోవుచున్నది. వారు వంతులవారీగా రాత్రింబగళ్లు చుక్కాని పట్టుదురు, చాపలు లాగుదురు. మిల్లీమీటరులో మూడవవంతు కన్నులుగల సన్నని వలను నీటి పైపొరలో ఈడ్చి, పడినదానిని ఏరి లెక్కింతురు.

అట్లాంటిక్ మహాసముద్రములో ఆ వలలకు చిన్న ప్రాణులతో కూడ ప్లాస్టిక్ ముక్కలును చిక్కెను. 1986 మొదలు 2008 వరకు 6,100కు పైగా పర్యాయములు వల ఈడ్చి, 64,000కు పైగా ముక్కలను చేతులతో ఏరిరి. వానిలో పెక్కు సెంటీమీటరుకంటె చిన్నవి. ఈ లెక్క 2010లో సైన్స్ పత్రికలో వెలువడెను. లోకములో ప్లాస్టిక్ తయారీ ఎంతో పెరిగినను, ఆ ముక్కలు మిక్కిలిగా చేరుచోట ఏటేటా పెరుగుదల కనబడలేదు. ఎదురుచూచినది అది కాదు. అయినను ఉన్నదున్నట్లే ప్రకటించిరి.

రైతు మన్నును పిడికిట పట్టి పదును తెలిసికొనును. మన్ను అతని కోరికనుబట్టి మాటాడదు. వలయు నట్టిదే. చేతి చదువు మనలను సత్యమునకు లోబరచును. కావున ముట్టి చూచినవాని మొదటి బాధ్యత, నిజమైన సాక్ష్యమిచ్చుటయే.

అయితే మనలో ఎందరు ఓడ ఎక్కగలరు? ఎక్కలేనివారు నిర్దోషులని అనవచ్చునా? అనరాదు. తోమా ముట్టి చూడగోరెను; తక్కినవారమందరము అట్టివారి సాక్ష్యమునే విన్నాము. విన్నమాట నమ్మదగినదైనప్పుడు, దానినిబట్టి నడచుకొనుట వినినవాని బాధ్యత. ఎరిగియు ఊరకుండుట తప్పని యాకోబు తన పత్రికలో హెచ్చరించెను గదా.

మన వీధి కాలువలో పడవేసిన సంచి వానకు కొట్టుకొనిపోయి, ఏటిలో కలిసి, సముద్రమునకు చేరగలదు. అక్కడ దానిని ఏరువాడు మనలను ఎరుగడు. మనమైతే ఇప్పుడు అతని పనిని ఎరుగుదుము. ఆ సంచిని పడవేయక నిలుపుకొను చేయి ఓడ ఎక్కకపోయినను, సముద్రమునకు మేలు చేసిన చేయియే.