కర్ణుడు ఎందుకు కాదనలేకపోయాడు?

ఇంటికి దూరంగా హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ రోజు ఒక మాట చెప్పాలి.

ఇంట్లో గొడవపడి అమీర్‌పేటకి కోచింగ్‌కి వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. డిగ్రీలో రెండు సబ్జెక్టులు పోయాయని నాన్న మాట్లాడటం మానేశారు. మూడో నెల హాస్టల్ ఫీజుకి డబ్బుల్లేకపోతే పక్క రూమ్‌లో ఉండే అన్న కట్టేశాడు. "నువ్వు మనోడివిరా" అన్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

కొన్నాళ్లకి ఆ గ్యాంగే కొత్తగా చేరిన ఒక కుర్రాడి ఫోన్ లాక్కుని, వాడు వాళ్లమ్మకి పంపిన వాయిస్ మెసేజ్‌లు అందరికీ వినిపించింది. వాడు ఏడుస్తున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఎందుకు నవ్వానో సభాపర్వం విన్నప్పుడు అర్థమైంది. అందరి ముందూ కులం అడిగి అవమానించిన రోజు కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చి పక్కన నిలబడింది దుర్యోధనుడు. అది చిన్న మేలు కాదు. కానీ ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చినప్పుడు "ఇది అధర్మం" అని లేచి చెప్పింది దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు. అతని నోరు మూయించి, ఆమెని నీచంగా మాట్లాడింది కర్ణుడు.

వికర్ణుడు కాదన్నా తమ్ముడే. కర్ణుడు కాదంటే ఏమవుతాడు? ఆ భయమే అతనితో అలా మాట్లాడించిందేమో అని నాకనిపిస్తుంది. నన్ను నవ్వించింది మాత్రం కచ్చితంగా ఆ భయమే.

మరి కృతజ్ఞత తప్పా? కాదండీ. తిన్న అన్నం బాకీ డబ్బుతో తీర్చొచ్చు, సేవతో తీర్చొచ్చు. ఇంకొకరి కన్నీళ్లతో తీర్చకూడదు.

"అందరి ఇళ్లూ ప్రేమగా ఉంటాయా?" అంటారు. ఉండవు. బయట మనవాళ్లని వెతుక్కోవడంలో తప్పూ లేదు. కాకపోతే ఒక్కటి చూసుకోండి. అక్కడ ఒక్కసారి "ఇది తప్పు" అన్నాక కూడా మీ కంచం మీకు ఉంటుందా? ఉంటే వాళ్లు మీవాళ్లే. లేకపోతే అది అప్పు.

నేను సారీ చెప్పేలోపే ఆ కుర్రాడు హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ బాకీ నాకు ఇంకా ఉంది.

ఈ రాత్రి మీ మెస్‌లో ఎవరైనా ఒంటరిగా తింటుంటే వెళ్లి పక్కన కూర్చోండి. బదులుగా ఏమీ అడగొద్దు.

జై శ్రీకృష్ణ.