నేల క్రింద చేసిన పని

(పఠన భాగములు: లూకా 6:46–49, లూకా 12:16–21, 47, 48, ద్వితీయోపదేశకాండము 22:8)



బండమీద ఇల్లు కట్టినవాని ఉపమానము ఎరుగనివారు మన సంఘములలో లేరు. ఆదివారపు బడి పిల్లలు సహితము దానిని చెప్పగలరు. అయితే మత్తయి వ్రాసినదానికిని లూకా వ్రాసినదానికిని ఒక భేదమున్నది. మత్తయి సువార్తలో బుద్ధిహీనుడు ఇసుకమీద కట్టెను. లూకా సువార్తలో ఇసుక మాట లేదు. అక్కడ ఒకడు లోతుగా త్రవ్వెను. మరియొకడు పునాది వేయకయే నేలమీద కట్టెను. తరువాత ప్రవాహము వచ్చి రెండు ఇండ్లను కొట్టెను. వారిద్దరి స్థలములు ఒకే లోయలో ప్రక్కప్రక్కను ఉండియుండవచ్చును. వారి గోడలు చూపునకు ఒక్కటిగానే ఉండియుండవచ్చును. ఒకడు త్రవ్వెను, ఒకడు త్రవ్వలేదు. భేదమంతయు ఇంతే.

దీనినిబట్టి ఒక ప్రశ్న పుట్టుచున్నది. మనుష్యుడు తనకు తెలియనిదానికి కూడ బాధ్యుడగునా? “అడుగున ఏమున్నదో నేనెరుగను” అని చెప్పినంతమాత్రమున నిర్దోషియగునా?

ఇది పండితులకు మాత్రమే తగిన ప్రశ్న కాదు. కృష్ణా, గోదావరి నదుల లోయలలోనున్న మన గ్రామములలో నిన్నటివరకు వరిపొలముగా నున్నచోట నేడు దుకాణముల వరుసయో, ఎరువుల గోడౌనో, కల్యాణ మండపమో లేచుచున్నది. మన సంఘస్థులలో కొందరు మేస్త్రీలు. కొందరు కంకర మోయు కూలీలు. కొందరు స్థలము గలవారు. మరికొందరు ఆ కొట్లలో అద్దెకుండి వ్యాపారము చేయువారు. కావున ఈ ప్రశ్న మన గుమ్మములోనే నిలిచియున్నది.

ఒరిగిన ధాన్యాగారము

దీనిని తెలిసికొనుటకు దూరదేశమున జరిగిన ఒక సంగతిని చూతము. కెనడా దేశములో విన్నిపెగ్ పట్టణము ప్రక్కను ట్రాన్స్‌కోనా అను స్థలమున్నది. అది ఎర్రనది అనబడు నది లోయలోనిది. వేల సంవత్సరముల క్రిందట మంచుగడ్డలు కరగి ఏర్పడిన ఒక గొప్ప సరస్సు అడుగున దిగిన బంకమట్టియే అక్కడి నేల. 1911 మొదలు 1913 వరకు కెనడియన్ పసిఫిక్ రైల్వేవారు అక్కడ ఒక గొప్ప ధాన్యాగారమును కట్టించిరి. వరుసకు 13 చొప్పున 5 వరుసలుగా 65 కాంక్రీటు గాదెలు కట్టిరి. వాటి ఎత్తు 90 అడుగులకు పైగా నుండెను. అవన్నియు 77 అడుగుల వెడల్పు, 195 అడుగుల పొడవు, 2 అడుగుల మందము గల ఒకే కాంక్రీటు పలకమీద నిలిచియుండెను. ఆ పలకను నేలకు 12 అడుగుల లోతున వేసిరి.

1913 సెప్టెంబరులో గోధుమలు నింప మొదలుపెట్టిరి. బరువు ఒక ప్రక్కకు పోకుండ గాదెలన్నిటిలో సమముగా పోసిరి. అక్టోబరు 18వ తేదీనాటికి 8,75,000 బుషెళ్లు, అనగా సుమారు 23,800 టన్నుల గోధుమలు చేరెను. మన 75 కిలోల బస్తాల లెక్కన ఇది మూడు లక్షల బస్తాలకు మించును. ఆ దినమున కట్టడము క్రిందికి దిగుట కనబడెను. ఒక గంటలో ఇంచుమించు ఒక అడుగు దిగెను. పిమ్మట పడమటి ప్రక్కకు ఒరుగుచు, సుమారు ఒక దినములో దాదాపు 27 డిగ్రీలు వంగి ఆగెను. అయినను ఆ గాదెలు కూలలేదు. గోడలలో పైపై బీటలు తప్ప కాంక్రీటుకు గొప్ప హాని కలుగలేదు. కంటికి కనబడిన పనియంతయు మంచిదే. కనబడనిచోటనే లోపముండెను.

కట్టినవారు సోమరులా? కాదు. వారు నేలను పరీక్షించిరి. పునాది గోతిలో ఒక చిన్న పలకనుంచి, దానిమీద బరువు పెట్టి, మట్టి ఎంత మోయునో చూచిరి. మట్టి చాలినంత మోయునని తేలెను. అయితే చిన్న పలక చిన్న లోతువరకే నేలను నొక్కును. వెడల్పైన కట్టడము తన వెడల్పునకు తగినట్లు బహులోతువరకు నొక్కును. పైపొర గట్టి బంకమట్టి. దాని క్రింద మెత్తని, నీరు పట్టిన బంకమట్టి యుండెను. చిన్న పలక పైపొరను మాత్రమే అడిగినది. ధాన్యాగారము అడుగు పొరను కూడ అడిగినది.

ఎండకాలమున చెరువు అడుగు ఎండినప్పుడు దీనిని మనమే చూచుచున్నాము. పైన నెర్రెలు విచ్చిన గట్టి పెంకుండును. పిల్లవాడు దానిమీద పరుగెత్తును. ధాన్యపు బండిని తోలినయెడల ఇరుసువరకు దిగబడును. నేల పిల్లవానితో అబద్ధమాడలేదు. అతని బరువునకు తగిన జవాబే చెప్పినది. ఆ జవాబునే బండికి కూడ చాలునని తలంచుట మన తప్పు.

మూడు విధముల తెలియమి

ట్రాన్స్‌కోనావారికి మనము తీర్పు తీర్చ తొందరపడకూడదు. మట్టి ఎట్లు నొక్కబడునో, ఎట్లు జారునో లెక్కకట్టు శాస్త్రము ఆనాడు ఇంకను రూపు దాల్చలేదు. కార్ల్ టెర్జాగి అను ఇంజనీరు ఆ విద్యకు ఆధారమైన గ్రంథమును 1925లో ప్రచురించెను. తరువాతి కాలమున ఇంజనీర్లు ట్రాన్స్‌కోనాలో బోర్లు వేసి, అడుగు మట్టిని తీసి పరీక్షించి, తమ లెక్కలను 1953లో ప్రకటించిరి. ఆ నేల మోయగల బరువును, అది ఒరిగిననాడు దానిమీదనున్న బరువును ఇంచుమించు సమానమని తేలెను. కావున 1913లో తెలియని సంగతి నేడు తెలిసియున్నది. ఆనాడు దురదృష్టమనబడినది నేడు చేసినయెడల నేరమగును.

ప్రభువు లూకా 12వ అధ్యాయములో ధాన్యపు కొట్లు విప్పి, వాటికంటె గొప్పవాటిని కట్టదలచిన ధనవంతునిగూర్చి చెప్పెను. ఆ అధ్యాయమందే ఇద్దరు దాసులనుగూర్చియు చెప్పెను. యజమానుని ఇష్టమెరిగియు చేయనివానికి అనేకమైన దెబ్బలు. ఎరుగక తప్పినవానికి కొద్ది దెబ్బలు. కొద్ది అనెనే గాని, బొత్తిగా లేవనలేదు. ఏలయనగా తెలియమి అంతయు ఒక్క విధమైనది కాదు.

మొదటిది, ఎవరు ఎంత వెదకినను ఆ కాలమున తెలియరానిది. దానికి మనుష్యుడు కన్నీరు విడువవలెను గాని సిగ్గుపడ పనిలేదు. రెండవది, అడిగినయెడల తెలియునది, అయితే అడుగవలెనని తోచనిది. అజాగ్రత్త ఇట్టిది. మూడవది, అడిగినచో జవాబు ఖర్చు తెచ్చునని ఎరిగి, కావలెనని అడుగక యుండుట. ఇది మాట పలుకకయే ఆడిన అబద్ధము. తూకపు రాళ్లను రెండు విధములుగా ఉంచుకొనువాడును, నేలను కావలెనని పరీక్షింపనివాడును ఒక్క త్రోవలోనే నడచుచున్నారు.

మన నదుల నేల

మన ప్రాంతపు నేల యేకముగా నుండునది కాదు. నది యుగయుగములుగా తన త్రోవను మార్చుకొనుచు వచ్చినది. పాత పాయ పూడినచోట ఇసుక, దాని ప్రక్కనే ఒండ్రు, ఇంకను ప్రక్కన నల్లరేగడి. ఒక మూలను గట్టి నేల తగులును. యాభై అడుగుల అవతల అడుసు తగులును. కట్టడమంతయు సమముగా దిగినయెడల హాని కొంచెమే. ఒక మూల దిగి, ఒక మూల నిలిచినయెడల దూలములును గోడలును చీలును. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుదించుకొనును. గనుక దానిమీది తేలికపాటి కట్టడము సహితము ఏటేట లేచుచు దిగుచుండును. చెరువును పూడ్చిన స్థలము మరియు అపాయకరము. పైన మెరకమట్టి, అడుగున పాత బురద.

నీటి సంగతియు మరువరాదు. కాలువలు కట్టివేసిన వేసవిలో గొయ్యి పొడిగా నుండును. కాలువలు విడిచిన తరువాత ఆ గోతిలోనే ఊట పైకి వచ్చును. వేసవిలో ఒక్క మూలను త్రవ్వి చూచి, “నేల మంచిదే” అనువాడు సగము సాక్ష్యమే విన్నాడు.

వీటికి ఉపాయములు లేకపోలేదు. కట్టబోవు స్థలమున మూలలలోను నడుమను బోర్లు వేయింపవచ్చును. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలుచు, కడ్డీ 30 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని దెబ్బలు పట్టునో లెక్కించి నేల బలమును అంచనా కట్టుదురు. నల్లరేగడి కొరకు అడుగున గంటవలె వెడల్పుచేసిన కాంక్రీటు స్తంభములను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు అభివృద్ధి చేసిరి. లోతైన నల్లరేగడిలో అవి కనీసము 3.5 మీటర్లు దిగవలెనని మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. తేమ మార్పు అంతగా చేరని లోతులో అవి నిలుచుటకే ఈ నియమము. గోతిలో ఊరిన నీటిని తోడక ఆ నీటిలోనే కాంక్రీటు పోసినచో సిమెంటు కొట్టుకొనిపోవును. నానిన మెత్తని బురదను ఎత్తివేసి, గట్టి మట్టము మీద బెడ్డు వేసి, తరువాత ఇనుము కట్టవలెను. ఇవి మేస్త్రీలెరుగని రహస్యములు కావు. చేయించువానికి మనసుండవలెను.

కాబట్టి నది నేలమీద కట్టకూడదని నేను చెప్పుట లేదు. ధవళేశ్వరమునొద్ద ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట గోదావరి ఇసుకమీదనే కట్టబడెను. అయితే అది ఇసుకయని ఎరిగి కట్టిరి. బావులను ఇసుకలోనికి దింపి, దిగువను రాతిని విస్తారముగా పరచి, నీరు ఇసుకను కోయకుండ చేసిరి. కావేరి ఇసుకలో మన పూర్వులు నిలిపిన కల్లణై ఆనకట్టను చూచి కాటన్ దొర ఆ విద్యను నేర్చెను. ఇసుక పాపము కాదు. ఇసుకను బండయని మనకు మనమే చెప్పుకొనుటయే బుద్ధిహీనత.

“పొరుగువాని కొట్టు నిలిచియున్నది గదా?”

స్థలము గలవాడు ఇట్లనును: “ప్రక్కవాడు నాలుగు అడుగులే త్రవ్వెను, అతని కొట్టు నిలిచియున్నది. నేనేల ఎక్కువ డబ్బు మట్టిలో పోయవలెను?” ఈ మాటలో కొంత న్యాయమున్నట్లు తోచును. బీదవాడు ఒక్క గది కట్టుకొనుటకు పెద్ద పరీక్షలు చేయించుమనుట భారమే. పిల్లవాని బరువునకు ఒక జవాబు, బండి బరువునకు ఒక జవాబు అని పైన చెప్పితిమి. కావున ఎంత బరువు మోపుదుమో అంత లోతుగా అడుగవలెను. మూడంతస్తుల దుకాణములు, వేల బస్తాల గోడౌను కట్టువాడు గుడిసెవాని కొలతను చూపి తప్పించుకొనరాదు. పొరుగువాని నేల అతనిది. నీ నేల నీది. వాటి మధ్య పాత పాయ పోయియుండవచ్చును.

ఖర్చు మాటకు ట్రాన్స్‌కోనా జవాబు చెప్పుచున్నది. ఒరిగిన ధాన్యాగారము అడుగున త్రవ్వి, రాతి పొరవరకు కాంక్రీటు స్తంభములు దింపి, బహు ప్రయాసతో 1914లో దానిని మరల నిలువుగా నిలిపిరి. తరువాత అనేక సంవత్సరములు అందులో ధాన్యము నిలువ చేసిరి. మొదట చేయవలసిన పనియే కడపట చేసిరి. అయితే ఒరిగిన కట్టడము క్రింద దూరి చేయవలసివచ్చెను.

మరియొక సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. మనుష్యుడు తన యిల్లు తానే కట్టుకొని అందులో కాపురమున్నయెడల తన తప్పును తానును తనవారును అనుభవించును. వ్యాపారపు కట్టడము అట్టిది కాదు. దాని క్రింద నుండువారు అద్దెకున్న కొట్టువాడు, బస్తాలు మోయు కూలీ, లెక్కలు వ్రాయు గుమాస్తా, పెండ్లికి వచ్చిన చుట్టములు. వారెవరును ప్లాను చూడలేదు, గొయ్యి చూడలేదు. చూడనిచ్చినను వారికి తెలియదు. వారు తలుపు తీసియుండుట చూచి, నమ్మి లోపలికి వచ్చుచున్నారు.

ధర్మశాస్త్రములో క్రొత్త యిల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ యున్నది. ఎవడైన పైనుండి పడినచో ఆ రక్తాపరాధము ఇంటివానిమీద ఉండును. పడినవాడు ఎవడో, ఎందుకు ఎక్కెనో దేవుడు అడుగలేదు. కట్టినవాడు ముందుగా తలంచెనా లేదా అనియే అడిగెను. పునాది నేల క్రింద కట్టిన పిట్టగోడయే. మేడమీది పిట్టగోడ లేనియెడల దారిన పోవువాడైనను చూచి హెచ్చరించును. నేల క్రిందిది లేనియెడల హెచ్చరించుటకు ఎవడును లేడు. మట్టి కప్పిన దినముననే సాక్షులందరు వెళ్లిపోవుదురు. అందువలననే ఆ పని ఎక్కువ భయభక్తులతో చేయదగినది.

ప్రియులారా, మేస్త్రీగా నున్నవాడు “ఇక్కడ అడుసు తగిలినది, ఇంకను త్రవ్వవలెను” అని యజమానునికి చెప్పుటకు జంకకూడదు. కూలి పోవునేమో యను భయము నేనెరుగుదును. అది చిన్న భయము కాదు. అయితే ఆ మాట చెప్పగలవాడు ఆ గోతిలో దిగినవాడే. యజమానుడైనవాడు అట్టి మాట చెప్పినవానిని పనిలోనుండి తీసివేయక, అతనిని తన మేలు కోరువానిగా ఎంచవలెను. సంఘముగా మనము గుడిగాని, బడిగాని కట్టునప్పుడు శంకుస్థాపన దినమున ఫలకమునకు ఎంత ఖర్చు చేయుదుమో చూచుకొనుటకు ముందు, ఆ ఫలకము క్రింద నున్న నేలను అడిగితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

మనకు తెలియని సంగతులకంటె, తెలిసికొన నొల్లని సంగతులే మనకు తీర్పు దినమున బరువగును. నేల క్రిందను చూచు దేవుడు మనకు లోతుగా త్రవ్వు ఓపికను, విన్న జవాబును అంగీకరించు ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.